‘కంచే చేను మేస్తే’: ఆటోఇమ్యూన్ జబ్బులకు ఈ సామెత నప్పుతుందా?

ప్రశ్న:
ఆరోగ్య పేజీలకు వ్యాసాలు రాస్తుంటాను. ‘స్వయం ప్రతిరక్షక వ్యాధి’ (ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడటం) అనగానే పాఠకుడు పేజీ తిప్పేస్తున్నాడు. అందుకని రుమాటిక్ జ్వరం వ్యాసానికి ‘కంచే చేను మేస్తే’ అని శీర్షిక పెట్టాను. చూసిన డాక్టరు గారు ‘అర్థం మారిపోయిందండీ’ అన్నారు. మీరేమంటారు?

జవాబు:
డాక్టరు గారి మాటలో పస ఉంది. లంచం మేసిన అధికారినో, హుండీ మీద చెయ్యేసిన ధర్మకర్తనో ఈ సామెతతో దెప్పుతాం. తెలిసి చేసిన ద్రోహం అది. ఇక్కడ జరిగేది పొరబాటు. గొంతులో చేరే గ్రూప్-ఎ స్ట్రెప్టోకోకస్ బాక్టీరియా ఒంటి మీద ఎం-ప్రోటీన్ ఉంటుంది. అందులో కొన్ని భాగాలు మన గుండెలోని మయోసిన్ లాంటి ప్రోటీన్లను పోలి ఉంటాయి. బాక్టీరియాను పట్టడానికి తయారైన మన రక్షణ వ్యవస్థ సైన్యం, అంటే యాంటీబాడీలు, టి-కణాలు, ఆ పోలికకు మోసపోయి, గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు గుండె మీద పడతాయి. ఎక్కువగా దెబ్బతినేది గుండె ఎడమ గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ కవాటం. ‘తాడును పామనుకుని కొట్టడం’ అనండి, ఒప్పుకుంటాను.

ఇంకో చిక్కుంది. వైద్యం అందని స్ట్రెప్ గొంతునొప్పుల్లో కూడా నూటికి ముగ్గురికి మించి ఈ జ్వరం రాదు. ఏది మనది, ఏది పరాయిది అని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టడానికి తోడ్పడే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో కొన్ని రకాలున్నవారికి ముప్పు ఎక్కువ. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికీ వచ్చే అవకాశం మామూలు కవలల్లో కన్నా హెచ్చు. కాబట్టి బాక్టీరియా జబ్బును ‘కలిగిస్తుంది’ అని తేల్చేయకండి. ‘రేపుతుంది’ అనండి. నిప్పు ముందే ఉందన్న ధ్వని ఆ క్రియలో ఉంది.

మరో సభ్యుడు:
19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు లాసేగ్ ఈ జబ్బు కీళ్లను నాకుతుంది, గుండెను కరుస్తుంది అన్నాడు. నిజమే, కీళ్ల వాపు ఆనవాలు లేకుండా పోతుంది, కవాటం మాత్రం మందమై బిగుసుకుపోతుంది. ‘కీళ్లను నాకి, గుండెను కరిచే జ్వరం’ అని పెడితే?

ప్రశ్న అడిగినవారు:
నాకు నచ్చింది. కానీ మా సంపాదకుడు ‘నాకి’ని ‘తాకి’ చేసేస్తారు!

జవాబు:
చేసుకోనివ్వండి. కింద ఉపశీర్షికలో పెన్సిలిన్ ఇంజక్షన్ సంగతి మాత్రం కొట్టెయ్యనివ్వకండి. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకాస్త పాడవుతుంది. ఆ తిరగబెట్టడాన్ని ఆపేది మూడు వారాలకోసారి, ఏళ్ల తరబడి వేయించుకునే ఆ ఇంజక్షనే.