మామిడి సీజన్ పనికి లీన్ పద్ధతి మేలా, అజైల్ మేలా? అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. చిత్తూరు జిల్లాలోని మామిడి గుజ్జు పరిశ్రమల కోసం తోతాపురి కాయల తూకం, ధర, రైతులకు చెల్లింపుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను తిరుపతిలో మా చిన్న బృందం తయారుచేస్తోంది. మార్పులకు తగ్గట్టు చిన్న విడతల్లో పనిచేసే అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌ను, స్ప్రింట్లు అనే రెండు వారాల విడతలతో పాటిస్తున్నాం. మిగతా నెలల్లో అది చక్కగా సాగుతుంది గానీ, జూన్‌లో కాయ రావడం మొదలయ్యాక, కాటా మీద లారీ నిలబడి ఉండగా తూకం చీటీ ప్రింట్ కావడం లేదని ఫోన్ వస్తే, వచ్చే స్ప్రింట్ దాకా ఆగమని ఎలా చెప్పగలం?

2001 నాటి అజైల్ ప్రకటన, ప్రణాళికను పట్టుకుని నడవడం కన్నా మార్పుకు స్పందించడానికే ఎక్కువ విలువ ఇచ్చింది కనుక, స్ప్రింట్ లేనంతమాత్రాన అజైల్ పోతుందని నేను అనుకోను. టయోటా ఉత్పత్తి విధానం నుంచి వచ్చిన, వృథాను తగ్గించాలనే లీన్ ఆలోచనలో, సగం చేసి వదిలిన పని కూడా వృథా కిందికే వస్తుంది. అందుకే, ఆ లీన్ దారిలోనిదే అయిన, ఏ పని ఏ దశలో ఉందో చూపే కాన్‌బాన్ బోర్డులో ఒకేసారి చేపట్టే పనులకు పరిమితి పెట్టడం నాకు ఎంతో సబబుగా తోస్తోంది. అయితే స్ప్రింట్ చివర చేసిన పనిని చూపించే డెమోను, పని తీరును సమీక్షించుకునే రెట్రోస్పెక్టివ్‌ను వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

సీజన్‌లో కాన్‌బాన్, తక్కిన కాలంలో స్క్రమ్ అనే ఏర్పాటును నడిపినవారు ఎవరైనా ఉంటే, ఆ పరిమితిని ఎలా నిర్ణయించారో, అత్యవసర పనులకు బోర్డుపై విడిగా వరుస పెట్టారో లేదో, కస్టమర్లకు గడువును ఏ లెక్కన చెప్పారో దయచేసి వివరించగలరు.