అప్‌డేట్: గుమ్మడికాయ పాన్‌కేకులు ఇప్పుడు లోపలిదాకా ఉడుకుతున్నాయి

శరత్కాలం బ్రేక్‌ఫాస్ట్‌కి చేసే గుమ్మడికాయ పాన్‌కేకులు పైన మాడి, మధ్యలో జిగటగా ఉండిపోతున్నాయని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. సమస్య తీరింది.

అసలు సంగతంతా గుజ్జులోని నీళ్లదే. గుజ్జుని ఉత్త పెనం మీద సన్నని సెగన కలుపుతూ ఉంటే మొదట ఆవిరి బాగా వస్తుంది, తర్వాత రంగు ముదురుతుంది. గరిటెతో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడుకోకుండా నిలవాలి. అప్పుడు దించి, పూర్తిగా చల్లారనివ్వాలి. రుచి కూడా దీనివల్లే చిక్కబడింది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కొలతలు అడిగినవాళ్లకి: కప్పు మైదా, అరకప్పు గుజ్జు, ముప్పావు కప్పు చిక్కటి మజ్జిగ, ఒక గుడ్డు, చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు. దాల్చినచెక్క పొడి అర చెంచా, శొంఠి పావు చెంచా, జాజికాయ చిటికెడు చాలు. లవంగం నేను మానేశాను, మిగతా వాసనల్ని మింగేస్తుంది.

పిండిని ఎక్కువగా గిలక్కొట్టకండి, చిన్న ఉండలున్నా పర్లేదు. పది నిమిషాలు ఆగి, మామూలు పాన్‌కేకులకన్నా తక్కువ మంట మీద వేయండి. అంచులు ఆరినట్టు కనిపించాకే తిప్పాలి. డబ్బా గుజ్జు కొనేవాళ్లు మాత్రం లేబుల్ చూసుకోండి, ‘pie filling’ (పై అనే తీపి వంటకం లోపల నింపే మిశ్రమం) అని ఉంటే అందులో పంచదార, మసాలాలు ముందే కలిపి ఉంటాయి.