పాచిపళ్ళలో పాచి, కనిగిరి పళ్ళ గార ఒకటేనా?

కందుకూరు నుంచి:
"పాచిపళ్ళవాడు కూడబెడితే బంగారుపళ్ళవాడు తినిపోయాడు" అని మా నాయనమ్మ అంటా ఉండేది. ఇందులో పాచి అంటే గారేనా? మా ఇంట్లో రెండూ ఒకటే అంటారు. కనిగిరిలో ఉండే మా బాబాయి మాత్రం "మా పళ్ళది గార, పాచి కాదు" అని కొట్టిపారేస్తాడు. ఎవరిది కరెక్టు?

ఒంగోలు నుంచి (పళ్ళ డాక్టర్ని):
మీ బాబాయిదే. అయితే ఆయన చెప్పే గార కూడా నిఘంటువుల్లో ఉండే గార కాదు, దాని సంగతి చివర్లో.

సామెతలో పాచి అంటే పొద్దున్నే నోట్లో ఉండేదే. పళ్ళపొడికి కూడా డబ్బు తియ్యని పిసినారి కూడబెట్టింది, సోకులరాయుడు తగలేశాడని ఎత్తిపొడుపు. ఈ పాచీ, కోనేటి మెట్ల మీద కాలు జారే పాచీ మాటలోనే కాదు, తత్వంలోనూ ఒకటే. రెండూ జిగురులో కూరుకుని బతికే సూక్ష్మజీవుల పొరలు. మేం బయోఫిల్మ్ అంటాం.

పళ్ళు తోముకున్న కాసేపటికే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద సన్నటి పొరగా అతుక్కుంటాయి. దాని మీదికి ముందు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా రకాలు చేరతాయి, వాటిని పట్టుకుని మిగతావి. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనేది (1924లో క్లార్క్ గుర్తించాడు) మనం తిన్న చక్కెరతోనే జిగురు చేసుకుంటుంది. అందుకే పాచి పుక్కిలిస్తే పోదు, రుద్దాల్సిందే. 1683లో లీవెన్‌హుక్ తన పళ్ళ సందుల్లోని తెల్లటి పాచి గీకి, తన సూక్ష్మదర్శినిలో కదిలే జీవుల్ని చూశాడు. వెనిగర్‌తో కడిగితే పైపైనున్నవే చచ్చాయి, లోపలివి చావలేదని కూడా రాశాడు. ఇప్పటి మౌత్‌వాష్ ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ ముక్కే గుర్తొస్తుంది.

పాచిని వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ పట్టి గట్టిపడుతుంది. అదే గార. కింది ముందుపళ్ళ లోపలివైపు ఎక్కువగా పడుతుంది, లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి. ఇక బ్రష్షుకు లొంగదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

పిప్పిపన్ను వేరే కథ. పాచిలోని బాక్టీరియా చక్కెరను పులియబెట్టి ఆమ్లం వదులుతాయి. పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కిందికి పోతే ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, కరగడం మొదలవుతుంది.

నెల్లూరు నుంచి:
మరి "పన్నులో పురుగు" ఏందబ్బా? మా ఊళ్ళో పురుగు తీసేవాళ్ళు వచ్చేవాళ్ళు, దూదిలో చూపించేవాళ్ళు కూడా!

ఒంగోలు:
చేతివాటం. పురుగు లేదని ఫ్రాన్సులో ఫోషార్ అనే పళ్ళ డాక్టరు 1728లోనే రాశాడు.

చీరాల నుంచి:
చిగుళ్ళ నుంచి రక్తం కారేది పాచి వల్లా, గార వల్లా?

ఒంగోలు:
ముఖ్యంగా పాచి వల్లే. 1965లో హెరాల్డ్ లో (Löe) అనే పళ్ళ డాక్టరు కొందరి చేత పళ్ళు తోమడం మాన్పించి చూశాడు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వాపు తగ్గిపోయింది. గార గరుకుగా ఉండి కొత్త పాచికి చోటిస్తుంది, దాని పాపం అంతే.

ఇక బాబాయి గార. కనిగిరి, పొదిలి వైపు గారపళ్ళంటే పసుపు, గోధుమరంగు చారలున్న పళ్ళు. అది పైన పట్టింది కాదు. చిన్నప్పుడు చిగుళ్ళ కింద పన్ను తయారవుతుండగా తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎనామెల్ లోపలే పడిన మచ్చ. ఇలా ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో మనుషుల్లో దీన్ని తొలిసారి 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం వివరించింది నెల్లూరు జిల్లాలోనే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, కనిగిరి, పొదిలి నెల్లూరు కిందే ఉండేవి. రెంటికీ ఒకే మాట కావడంతో జనం దీన్నీ రుద్దితే పోయే గార అనుకుంటారు. బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్ది రుద్ది ఎనామెల్ అరగదీసుకుని, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోందని మా దగ్గరికొస్తారు.

కందుకూరు:
బాబాయి ఇప్పటికీ బొగ్గే వాడతాడు! ఏం చెప్పమంటారు?

ఒంగోలు:
బొగ్గు మానేసి మెత్తటి బ్రష్షు పట్టమనండి. మచ్చలు చిన్నతనంగా అనిపిస్తే క్లినిక్‌లో పైన పూత వేయించుకోవచ్చు. ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే తాగే బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు పట్టొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.