కొత్త వడ్లు మండె కట్టినా (నానబెట్టి, మొలకకోసం మూట కట్టి ఉంచినా) మొలకలు రాలేదు

ప్రశ్న (నరసన్నపేట): దాళ్వాలో (రబీలో) కోసిన వడ్లు. తడిగుడ్డలో 100 గింజలు పెడితే 30 మొలిచాయి. విత్తనం చచ్చిందా?

జవాబు 1: చావలేదండీ, నిద్రలో ఉంది. కొత్త గింజలో అబ్సిసిక్ ఆమ్లం (గింజను నిద్రలో ఉంచే హార్మోన్) ఎక్కువ. అది తనను గుర్తించే గ్రాహక ప్రోటీన్‌కి అతుక్కుని, పీపీ2సీ అనే ఎంజైమ్‌ని ఆపుతుంది. దాంతో, అది అణచి ఉంచిన స్నార్క్2 అనే ఎంజైమ్ పనిలోకి దిగి, జన్యువులను నడిపే ఏబీఐ5 అనే ప్రోటీన్ ద్వారా మొలకను అడ్డుకుంటుంది. జిబ్బరెల్లిన్ అనే మొలక హార్మోన్ దీనికి ఎదురు. జీఐడీ1 అనే తన గ్రాహకంతో కలిసి, మొలకకు అడ్డుపడే డెల్లా ప్రోటీన్‌ని (వరిలో దాని పేరు ఎస్ఎల్ఆర్1) నాశనం చేయిస్తుంది. అప్పుడే గింజలో పిండి చుట్టూ ఉండే అల్యూరాన్ పొరలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ తయారై పిండి చక్కెరవుతుంది. నీళ్లు ఎంత పోసినా ఈ తూకం మారందే మొలక రాదు.

జవాబు 2 (గజపతినగరం): నిద్ర వదలాలంటే కిలో విత్తనానికి లీటరు నీళ్లు, అందులో గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) 6.3 మి.లీ., నిద్ర గట్టిదైతే 10 మి.లీ. 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టండి. ప్లాస్టిక్ తొట్టే వాడాలి, ఇనుముదైతే ఆమ్లం తినేస్తుంది. నీళ్లలో ఆమ్లం పొయ్యాలి, తిరగేస్తే మొహం మీదకు చిమ్ముతుంది.

ప్రశ్న: పాత విత్తనానికీ చెయ్యొచ్చా?

జవాబు 1: వద్దు. నిద్ర ఎప్పుడో వదిలేసుంటుంది, ఆమ్లం పిండాన్ని దెబ్బతీస్తుంది.