అప్‌డేట్: నాన్నగారికి వర్చువల్ రియాలిటీ పరీక్ష చేయించాం

జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 28 తెచ్చుకున్న నాన్నగారు ఇంట్లో మాత్రం కట్టిన కరెంటు బిల్లే మళ్లీ కడుతున్నారని, ఈ తేడాను వర్చువల్ రియాలిటీ పరీక్ష, అంటే కంప్యూటర్ సృష్టించిన ఇల్లు, దుకాణం వంటి చోట్ల రోజువారీ పనులు చేయించి చూసే పరీక్ష, పట్టుకోగలదా అని ఇదివరకు అడిగాను. ఇక్కడ అమెరికాలో ఆయనకు వీఆర్‌ఎఫ్‌క్యాట్ అనే పరీక్ష చేయించాం. కళ్లకు తగిలించుకునే పరికరమేదీ లేదు, అంతా ట్యాబ్లెట్ తెర మీదే. మొదట స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్న రోగుల కోసం రూపొందిన ఈ పరీక్షలో 12 పనులుంటాయి: వంటకం చీటీ చూసి అల్మారాల్లో ఏ సరుకులు లేవో తేల్చుకోవడం, సరైన బస్సెక్కడం, దుకాణంలో కొని డబ్బు చెల్లించడం, తిరిగి ఇల్లు చేరడం వంటివి. పట్టిన సమయాన్నీ, తప్పులనూ, చీటీని ఎన్నిసార్లు చూశారన్న లెక్కనూ అది నమోదు చేస్తుంది.

నాన్నగారు సరుకులు సరిగానే ఎంచుకున్నారు గానీ, చీటీని మాటిమాటికీ తెరిచి చూశారు. కాగితం మీది పరీక్షలో ఈ సంగతి బయటపడేదే కాదు. బస్సు ఛార్జీకి సరిపడా చిల్లర ఎంచే చోట చాలాసేపు ఆగిపోయారు. అయితే జీవితమంతా ఆర్టీసీ బస్సులో, సీటు దగ్గరికే వచ్చే కండక్టరు దగ్గర టికెట్టు తీసుకున్న మనిషికి అమెరికా నాణేలు లెక్కపెట్టడంలో అయ్యే ఆలస్యాన్ని మతిమరుపు ఖాతాలో వేయకూడదని నా గట్టి అభిప్రాయం. డాక్టరుగారు ఈ మాట ఒప్పుకుని, ఫోను, బజారు, వంట, మందులు, డబ్బు వంటి 8 అంశాలున్న 1969 నాటి లాటన్ ప్రశ్నావళిని (రోజువారీ పనులు మనిషి సొంతంగా చేసుకోగలరా అని అడిగేది) అమ్మతో నింపించి, రెండింటినీ కలిపి చూశారు. ఇబ్బంది ముఖ్యంగా డబ్బు, మందుల దగ్గరే ఉందని తేలింది. బిల్లులను ఆటోపేలో పెట్టాం, మందులను అమ్మ వారానికోసారి డబ్బాలో సర్దుతున్నారు, ఆరు నెలల తర్వాత ఇదే పరీక్ష మళ్లీ చేస్తామన్నారు.