రేణి అడవిని కాపాడిన పేరు ఎవరికి దక్కాలి? దశోలీ సంఘానికా, మహిళా మంగళ దళానికా?

పల్లెబాట: చిప్కో, అంటే చెట్లు నరకకుండా ఆపిన ఉద్యమం, అనగానే చెట్టును వాటేసుకున్న ఫొటో ఒక్కటే అందరికీ గుర్తు. దాని వెనక ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండల్లో, గోపేశ్వర్‌లో 1964లో చండీప్రసాద్ భట్ మొదలుపెట్టిన దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం ఉంది. ఊరివాళ్లకు ఊరి దగ్గరే పని దొరకాలని పెట్టిన సంఘం అది. 1970లో అలకనంద వరద వచ్చినప్పుడు సహాయానికి తిరుగుతూ, అడవి నరికిన కొండే మీద పడుతుందని కళ్లారా చూశారు. తర్వాత కాడికీ నాగలికీ యాష్ అనే చెట్టు కలప అడిగితే అటవీశాఖ ఇవ్వనంది, ఆ చెట్లనే ఆటసామాను కంపెనీకి రాసిచ్చింది. 1973లో మండల్ దగ్గర ఆ కంపెనీని వెనక్కి పంపింది సంఘమే. పేరు సంఘానిదే.

దేవదారు: మరి 1974 మార్చి 26న అదే కొండల్లోని రేణి ఊరికి చెట్లు నరికేవాళ్లు వచ్చినప్పుడు ఆ సంఘం ఎక్కడుందండీ? భూమి పరిహారం ఇస్తామని మగవాళ్లను చమోలీకి పిలిపించారు. సంఘం కార్యకర్తలను గోపేశ్వర్‌లో చర్చల పేరుతో కూర్చోబెట్టారు. గొడ్డళ్లకు ఎదురెళ్లింది ఊరి ఆడవాళ్ల సంఘం, మహిళా మంగళ దళం పెద్ద గౌరాదేవి, ఆమెతో 27 మంది ఆడవాళ్లు.

పల్లెబాట: 27 మంది ఆమెతో కలిపా, ఆమె కాకుండానా? ఆడపిల్లల్ని కూడా లెక్కేశారా? ముందు అది తేల్చండి.

కొండగాలి: లెక్క వదిలేయండి సార్, విషయానికి రండి.

పల్లెబాట: చరిత్ర అన్నాక లెక్క కావాలి. ఆ ఊళ్లలో ముందే తిరిగి జనాన్ని సిద్ధం చేసింది భట్, గోవింద్ సింగ్ రావత్ లాంటి వాళ్లు.

దేవదారు: ఈ మాట నాకు కొత్త కాదు. మా కాలనీ సంఘం కోసం ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి చందా పోగుచేశాను. నీళ్ల ట్యాంకు మీద కమిటీలో అందరి పేర్లూ చెక్కారు, నాది తప్ప. "అన్నీ నడిపించింది మేమే కదమ్మా" అన్నారు.

పల్లెబాట: మీ ట్యాంకు కోపం భట్ మీద చూపిస్తే ఎలా?

దేవదారు: చూపిస్తాను! 1980లో అక్కడి డూంగ్రీ పైంతోలీ ఊళ్లో ఏం జరిగింది? రోడ్డు, బడి, ఆసుపత్రి వస్తాయని మగవాళ్లు బాంజ్ (ఓక్) అడవి నరకడానికి ఒప్పుకున్నారు. అడ్డం తిరిగింది ఆ ఇళ్ల ఆడవాళ్లే.

పల్లెబాట: రోడ్డు కోరుకోవడం తప్పా? మాదీ కొండ మీది ఊరే. రోడ్డు లేక మా అమ్మను డోలీలో దించాం. ఆసుపత్రి చేరేసరికి ఆలస్యమైపోయింది. వెయ్యి మీటర్ల ఎత్తుకు పైన చెట్టు నరకకూడదని నిషేధం వచ్చాక, ఎనభైల చివర్లో ఆ కొండల వాళ్లే రోడ్ల కోసం, నీళ్ల కోసం చెట్లు నరికి నిరసన తెలిపారు. ఆ సంఘం పుట్టింది జనం బతుకు కోసం. అందరూ చెట్టు గురించే మాట్లాడతారు, ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

కొండగాలి: అమ్మగారి విషయం విని చాలా బాధేసింది.

దేవదారు: ఇది మొదటే చెప్పాల్సిందండీ. ఆ ఆడవాళ్ల గొడవ కూడా బతుకు గురించే. కట్టెలు, గడ్డి, నీళ్లు మోసేది వాళ్లే. అడవి దూరమైతే ఇంకెంత నడవాలో తెలిసేది వాళ్లకే. వాళ్లను ఒక్క మాట అడగకుండా ఒప్పేసుకున్నారు, నాకు మండేది అక్కడే.

పల్లెబాట: డూంగ్రీలో అడగాల్సింది, ఒప్పుకుంటాను. రేణి గురించి మాత్రం నా మాట అదే. ఆ 27 లెక్క కూడా ఎవరైనా తేల్చండి.