తిరుమల కాలినడక దారిలో మజ్జిగ స్టాల్: 300 మందికి కొలతలు చెప్పండి

విల్లివాక్కం బ్యాచ్:
చెన్నై నుంచి తిరుమలకి నడిచి వెళ్ళే భక్తుల కోసం, పెరటాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) మూడో శనివారానికి ముందు రెండు రోజులు తిరువళ్ళూరు, తిరుత్తణి మధ్య స్టాల్ వేస్తున్నాం. ఆరుగురం, ఒక టాటా ఏస్. 300 మందికి మజ్జిగ ఎంత కావాలి, టిఫిన్ ఏం పెట్టాలి, ఏ టైమ్‌కి తెరవాలి, పర్మిషన్ ఎవర్ని అడగాలి?

పెరుగు డబ్బా:
తలకు గ్లాసున్నర లెక్కేసుకోండి. 200 మిల్లీల గ్లాసుతో 90 లీటర్లు. ఒకటికి నాలుగు కలిపితే 18 లీటర్ల పెరుగు, 72 లీటర్ల నీళ్ళు. పలుచగా ఉందే అనుకోకండి, నడిచి వచ్చినవాళ్ళకి చిక్కటిది గొంతు దిగదు. ఉప్పు లీటరుకి 4 గ్రాముల చొప్పున 360 గ్రాములు.

చెన్నైలోనే చిలికి తీసుకెళ్తే పొద్దెక్కేసరికి పులిసిపోతుంది. పెరుగు పెరుగుగానే తీసుకెళ్ళి, గంటకు 20 లీటర్ల చొప్పున అక్కడే చిలకండి. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి నీళ్ళలో పిసికి బట్టలో వడకట్టాలి. అందంగా ఉంటుందని కొత్తిమీర తరిగి చల్లారంటే, స్టీలు డ్రమ్ము కుళాయిలో ఆకు ఇరుక్కుంటుంది. ధార దారంలా అయిపోతుంది, వెనక క్యూ పెరుగుతుంది, చివరికి ఎవరో మూత తీసి చెంబు ముంచుతారు. అంతటితో శుభ్రం సంగతి సరి.

ఐసు గడ్డ లోపల వేయొద్దు. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని 2018 నుంచి రూలుంది, తెల్లగా ఉందని నమ్మి వేసేయకండి. డ్రమ్మునే టబ్బులో పెట్టి చుట్టూ పేర్చితే చాలు.

మందుల షాపు:
మజ్జిగ సరే, ఓఆర్ఎస్ ఇచ్చేవాళ్ళకి ఒక దండం. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళకి. గ్లాసులో సగం ప్యాకెట్ గుమ్మరించి ఇస్తే దాహం తీరదు, పెరుగుతుంది, కడుపు కూడా చెడుతుంది. మజ్జిగలో, సోడాలో కలపకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

హైవే శీను:
స్టాల్ ఏ పక్క? అసలు ప్రశ్న అది. నడిచేవాళ్ళు ఎదురొచ్చే బళ్ళు కనపడేలా కుడిపక్క నడవాలి. మీరు ఎడమన పెడితే గ్లాసు మజ్జిగ కోసం 300 మంది రోడ్డు దాటాలి, అదీ రాత్రి రెండింటికి, నిద్ర కళ్ళతో.

ఆవడి అన్న:
పుస్తకంలో కుడి, రోడ్డు మీద ఎడమ సార్. గుంపు మొత్తం గోవిందా అంటూ ఎడమన పోతుంటే పక్కకి రమ్మని ఎవరు చెప్తారు? డివైడర్ ఉన్నచోట కుడి అంటే చెన్నై వచ్చే రోడ్డు అవతలి అంచు. అక్కడికి చేరాలంటే నాలుగు లైన్లూ దాటాలి.

హైవే శీను:
ఊళ్ళో వెలుతురున్న చోట ఒక్కసారి దాటితే పని అయిపోతుంది. ఎడమన నడిచేవాడికి వెనక లారీ చెవికే తెలుస్తుంది, కంటికి తెలీదు. హైవే పనుల్లో ఇరవై ఏళ్ళు, నాకు నేర్పకండి.

ఆవడి అన్న:
ఇరవై ఏళ్ళ ఇంజినీరుగారూ, నడిచేవాళ్ళ దారి మార్చే స్టాల్ ఇంకా పుట్టలేదు. వాళ్ళే పక్క వస్తే ఆ పక్క పందిరి వేయడమే మన పని.

పెరంబూరు పాండు:
కొట్టుకున్నది చాలు, జనం వచ్చే పక్కే పెట్టమని ఇద్దరూ అంటున్నారు. తారు అంచు నుంచి పదడుగులు లోపలికి వేయండి, క్యూ రోడ్డు వెంబడి కాకుండా పొలం వైపు సాగాలి. ఫ్లడ్ లైట్ నేలకి వంచండి, రోడ్డు వైపు తిప్పితే డ్రైవర్ కళ్ళు బైర్లు కమ్ముతాయి. మెరిసే టేపు చుట్ట ఒకటి పెట్టుకుని, మజ్జిగ తాగేలోపు ప్రతి బ్యాగు వెనకా జానెడు ముక్క అంటించండి. పర్మిషన్‌కి స్థానిక పోలీస్ స్టేషన్‌లో లెటర్. టీకొట్టు పక్క ఖాళీ స్థలం ఓనర్ ఒప్పుకుంటే ఇంకా సులువు. పగలు పదకొండు నుంచి మూడు దాకా అందరూ నీడలో పడుకుంటారు, మీరూ పడుకోండి.

న్యూజెర్సీ రిటర్న్:
అమెరికాలో అప్పలాచియన్ ట్రైల్ అనే నడకదారి 3,500 కిలోమీటర్లు, జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా. ముక్కూ మొహం తెలియనివాళ్ళు దారిలో పెట్టే తిండిని ట్రైల్ మ్యాజిక్ అంటారు, పెట్టేవాళ్ళని ట్రైల్ ఏంజెల్స్. కానీ మనిషి కాపలా లేకుండా తిండిపెట్టె వదలొద్దని అక్కడ గట్టిగా చెప్తారు. ఎలుగుబంట్లు మరుగుతాయి, చెత్త మిగులుతుంది.

ఆవడి అన్న:
ఎలుగుబంట్లా? మాకు కోతులు చాలు.

న్యూజెర్సీ రిటర్న్:
వెటకారం తర్వాత. ప్లాస్టిక్ గ్లాసులు రెండు కిలోమీటర్ల దాకా దారి పొడుగునా కనపడతాయి. తాగి ఇచ్చే స్టీలు గ్లాసులు 60, కడగడానికి ఇద్దరు. ఆరుగురిలో ఇద్దరు దానికే.

మందుల షాపు:
బొబ్బలకి సూది పెట్టకండి. పైతోలే దానికి కట్టు. కడిగి, గాజ్ గుడ్డ (పుండ్లకి కట్టే పల్చటి బట్ట), పైన మైక్రోపోర్ టేపు. షుగర్ ఉన్నవాళ్ళ కాలు అసలు ముట్టుకోవద్దు, స్పర్శ తెలీదు, చిన్న పుండు పెద్దదవుతుంది. వాళ్ళని బస్సెక్కించండి.

మైలాపూరు అక్క:
మజ్జిగ కొలతలు అందరూ చెప్పారు. తాగించాక ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళాలో ఒక్కరూ చెప్పలేదు. చోటు లేదని తెలిసి సగంమంది మీ గ్లాసు వద్దనే అంటారు, ఆ తర్వాత పిక్కలు పట్టేసి కూలబడతారు. టాయిలెట్ ఉన్న పెట్రోలు బంకుకో కల్యాణ మండపానికో నడిచి వెళ్ళే దూరంలోనే స్టాల్ వేయండి. తాళం ఎవరి దగ్గరుందో పగలే కనుక్కోండి, రాత్రి ఆ మనిషి ఫోన్ ఎత్తడు. బకెట్, మగ్గు, సబ్బు, ఒక బల్బు మీవే పెట్టండి. ఎంత దూరమో తెలుగులో, తమిళంలో బోర్డు. శానిటరీ ప్యాడ్లు అడిగి తీసుకునేలా కాదు, లోపలే పెట్టండి.

విల్లివాక్కం బ్యాచ్:
అక్కా, మండపం ఒకటి చూశాం, స్టాల్ దాని ఎదురుగా కాకుండా అదే పక్కకి మార్చాం. టిఫిన్ మాత్రం ఎవరూ తేల్చలేదు. లెమన్ రైస్ పొట్లాలు ఓకేనా?

పెరుగు డబ్బా:
వేడన్నం పొట్లం కడితే ఆవిరి పట్టి నాలుగు గంటల్లో వాసన. ఇడ్లీ. కొబ్బరి చట్నీ తేవద్దు, ఇడ్లీ పొడి, నువ్వుల నూనె కలిపి రెండువైపులా పూసి తీసుకెళ్ళండి.